గోడలోంచి వెళ్లిన పొగగొట్టం, ఇంట్లో వచ్చిన మాట పట్టింపు

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. వాళ్లది చెక్క ఫ్రేముతో కట్టిన రెండంతస్తుల ఇల్లు, చలి బాగా ఉండే చోటు. డెబ్భై దాటిన ఆమె తండ్రి ఈమధ్యే వచ్చి వీళ్ల దగ్గర ఉంటున్నారు. ఆయనకు ఆయాసం ఉంది, చలికి ఆగలేరు. కింద గదిలో కట్టెల స్టవ్ పెడితే ఆయనకు వెచ్చగా ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆమె మరిదికి చేతిపని బాగా వచ్చు. బయటి మనిషిని పిలవడం ఎందుకని తానే పూనుకుని, సెలవురోజులు మానుకుని పని పూర్తి చేశాడు.

స్టవ్ మీదనుంచి ఆరంగుళాల నల్ల రేకు గొట్టం కొంత పైకి వెళ్లి, ఎల్బోతో (వంపు ముక్కతో) తిరిగి, బయటి గోడలోంచి అవతలికి పోతుంది. అక్కడ ఇంకో ఎల్బో, దానిమీద చూరు దాకా అదే రకం గొట్టం. గోడకు ఎనిమిదంగుళాల రంధ్రం కోసి, గొట్టం చుట్టూ మిగిలిన సందులో గ్లాస్ వూల్ (వేడిని ఆపే గాజు నార) కుక్కి, రెండువైపులా గుండ్రటి రేకు పళ్లేలు బిగించాడు. చూడటానికి పని శుభ్రంగానే ఉందట.

మూడు వారాలు గడిచాయి. లోపలి పళ్లెం చుట్టూ గోడ రంగు గోధుమరంగుకు తిరిగింది. స్టవ్ బాగా మండుతున్నప్పుడు అక్కడ చెయ్యి పెడితే నిలవడం లేదు. బయట ఎల్బో అతుకు దగ్గర నల్లటి జిగురు కారి గోడమీద చారలు కట్టింది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే పొగ గదిలోకి తిరిగొస్తోంది. తండ్రికి పొద్దున లేస్తూనే తలనొప్పి. ఇదంతా చెబితే మరిది, "ఇన్ని రోజుల్లో ఏం కాలేదు కదా వదినా, నామీద నమ్మకం లేదా?" అన్నాడు. భర్త, "వాడు అంత కష్టపడి చేశాడు, ఇప్పుడు తప్పులు పట్టకు" అన్నారు. అత్తగారు అన్న మాట ఆమెకు బాగా తగిలింది: "మీ నాన్నకోసం చేసిన పనికి నువ్వే వంకలు పెడుతున్నావా?"

ఆమె అడుగుతున్నవి ఇవి. నేను అతిగా భయపడుతున్నానా? సర్దుకుపోవాలా, తీయించాలా? తీయిస్తే నాన్న చలికి ఏం చేయాలి?

సమాధానం:

మీది అతి భయం కాదు. మీరు రాసిన నాలుగు సంగతులూ నాలుగు వేరువేరు హెచ్చరికలు. మిగతా విషయాలు నింపాదిగా మాట్లాడుకుందాం కానీ ఒక్కటి మాత్రం ఇవాళే జరగాలి: ఆ స్టవ్ మళ్లీ వెలిగించకండి. ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అని తేలకముందే ఇది చేయొచ్చు. "గోడ రంగు మారింది, ఒకసారి లోపల చూసేదాకా ఆపుదాం" అంటే చాలు, అది ఎవరినీ తప్పు పట్టినట్టు కాదు. స్టవ్ పూర్తిగా చల్లారాక కూడా ఆ గోడ వెచ్చగా ఉన్నా, గోడలోంచి పొగ వాసన వచ్చినా ఆలోచిస్తూ కూర్చోవద్దు. అందరూ బయటికి వచ్చి అగ్నిమాపక సిబ్బందిని పిలవండి. పైకి మంట కనపడకుండా గోడ లోపల నెమ్మదిగా రాజుకునే నిప్పు ఉంటుంది.

ఇక మీ మరిది మాట. "ఇన్ని రోజుల్లో ఏం కాలేదు" అని ఆయన నిజాయితీగానే అన్నారు. వేరే ఏ పని విషయంలోనైనా అది సరైన లెక్కే. బిగించిన అల్మరా మూడు వారాలు నిలబడితే ముప్ఫై ఏళ్లూ నిలబడుతుంది. వేడి తగిలే చెక్కకు మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. మామూలు పొడి చెక్క అంటుకోవాలంటే సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అదే చెక్కకు అంతకంటే బాగా తక్కువ వేడి రోజూ తగులుతూ ఉంటే లోపలి పదార్థం కొద్దికొద్దిగా విడిపోయి, చెక్క బొగ్గు వైపు మారుతూ పోతుంది. అలా మారిన చెక్క మొదట్లో అంటుకోని వేడికి తర్వాత అంటుకుంటుంది. అందుకే ఇలాంటి ఇళ్లలో మంటలు చాలాసార్లు మొదటిరోజే రావు. ఒక చలికాలం గడిచాక, రెండో చలికాలం మధ్యలో, ఒక మామూలు రాత్రి రావచ్చు. నిన్నటిదాకా ఏమీ కాలేదన్నది రేపటికి హామీ కాదు. గడిచిన ప్రతి రోజూ ఆ చెక్క కొంచెం బలహీనపడే ఉంటుంది.

గోడ మధ్యలో అసలేం జరుగుతోందో చూద్దాం. మీ మరిది వాడింది ఒంటిపొర రేకు గొట్టం. అది చెడ్డ వస్తువేమీ కాదు, గదిలో స్టవ్ నుంచి చిమ్నీ దాకా కలపడానికే దాన్ని తయారు చేస్తారు. గదిలోకి వేడి వదలడం దాని గుణం. కాబట్టి నిప్పు అంటుకోగల గోడకు, పైకప్పుకు అది 18 అంగుళాల దూరంలో ఉండాలని అమెరికాలో చిమ్నీల భద్రతకు విస్తృతంగా పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రమాణం చెబుతుంది. మీ ఇంట్లో అదే గొట్టానికీ గోడలోని చెక్కకీ మధ్య ఉన్నది ఒక్క అంగుళం. ఆ అంగుళంలో కూడా గాలి ఆడకుండా గ్లాస్ వూల్ కుక్కారు. వేడిని ఆపడానికే ఆయన అది పెట్టి ఉంటారు. కానీ పైకీ కిందికీ గాలి కదిలే సందు ఉంటే వేడి చెదిరిపోతుంది. దాన్ని మూసేస్తే వేడి పోయే దారి లేక అక్కడే పేరుకుని, గంటల తరబడి మంట నడిచాక చెక్కకు చేరుతుంది. మీ గోడ రంగు మారింది ఇందుకే. పైన రంగే మారిందంటే ఆ పళ్లెం వెనక, కోసిన అంచు దగ్గర చెక్క ఇంకా ఎక్కువ వేడి తిన్నదన్నమాట.

గోడలోంచి పంపడానికి వేరే గొట్టం ఉంది. రెండు స్టీలు పొరల మధ్య ఇన్సులేషన్ (వేడిని ఆపే పదార్థం) నింపిన చిమ్నీ పైపు. దానికి సరిపడే థింబుల్ అనే తొడుగు కూడా ఉంటుంది. ఇలాంటి పైపుకు సాధారణంగా నిప్పు అంటుకోగల వస్తువుకు రెండంగుళాల ఖాళీ అడుగుతారు. ఖాళీ అంటే ఖాళీయే, అందులో ఏదీ నింపకూడదు. ఆరంగుళాల దారి ఉన్న పైపుకు బయటి మందం ఎనిమిదంగుళాలో అంతకంటే ఎక్కువో ఉంటుంది కాబట్టి గోడలో 12 నుంచి 14 అంగుళాల చదరపు చోటు, చుట్టూ చెక్క ఫ్రేము కావాలి. ఆ మందపాటి పైపు గోడతో ఆగకుండా గదిలోకి కొన్ని అంగుళాలు పొడుచుకు రావాలి, ఒంటిపొర గొట్టం అక్కడ కలవాలి. ఇప్పుడున్న ఎనిమిదంగుళాల రంధ్రంలో ఇదంతా ఇమడదు. మీ మరిది ఎంత నేర్పుగా చేసినా ఆ సామానుతో, ఆ రంధ్రంతో ఫలితం ఇలాగే ఉంటుంది. లోపం ఆయన చేతిలో లేదు, ఎంచుకున్న గొట్టంలో ఉంది. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఈ తేడా మీకు బాగా పనికొస్తుంది.

బయట కారిన నల్ల జిగురు పేరు క్రియోసోట్. కట్టెల పొగలో నీటి ఆవిరి, తారు లాంటి పదార్థాలు ఉంటాయి. గొట్టంలో పొగ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కిందికి చల్లబడితే అవి గోడలకు పట్టుకుంటాయి. చలిలో బయట నిలబెట్టిన ఒంటిపొర రేకు పొగను చిటికెలో చల్లార్చేస్తుంది. కాబట్టి మీ గొట్టం లోపల ఈ మడ్డి రోజూ పేరుకుంటోంది. అతుకులోంచి బయటికి కారుతోందంటే గొట్టం ముక్కలు తలకిందులుగా కూర్చి ఉండే అవకాశం కూడా ఉంది. ముడతలు పెట్టిన సన్నటి కొస ఎప్పుడూ స్టవ్ వైపు, కిందికి ఉండాలి, కారినది లోపలే జారి స్టవ్‌లో పడి కాలిపోయేలా. కారడం కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఈ మడ్డి అంటుకుంటుంది. అంటుకుంటే గొట్టం లోపల వేడి వెయ్యి డిగ్రీలు దాటగలదు. ఆ వేడికి పల్చటి రేకు అతుకులు విడిపోతాయి. పక్కనే, అంగుళం దూరంలో, మీ గోడ ఉంటుంది.

అందుకే ఇంట్లో ఎవరైనా రాజీగా "సరే, చిన్న మంట పెట్టుకుందాం" అంటే ఒప్పుకోవద్దు. వినడానికి జాగ్రత్తలాగే ఉంటుంది. కానీ గాలి తగ్గించి బుసబుసలాడించే చిన్న మంటే ఎక్కువ పొగ, ఎక్కువ మడ్డి ఇస్తుంది. పచ్చి కట్టెలైతే మరీను. కట్టెల్లో తేమ 20 శాతం లోపు ఉండాలి. చీల్చి, పైన మాత్రమే కప్పి, పక్కల గాలి తగిలేలా పేర్చి చాలా నెలలు ఎండబెడితే కానీ అంతకు దిగదు.

ఫ్యాన్ వేస్తే పొగ వెనక్కి రావడానికి కారణం చిమ్నీకి లాగే బలం చాలకపోవడం. చిమ్నీ లాగేది లోపలి వేడిగాలి తేలికై పైకి లేవడం వల్ల. ఎత్తు తక్కువైనా, గొట్టం చల్లబడినా, మలుపులు ఎక్కువైనా ఆ బలం తగ్గుతుంది. మీకు మూడూ కలిశాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇంట్లోంచి గాలిని బయటికి నెడితే ఇల్లు ఆ లోటును ఎక్కడినుంచో పూడ్చుకోవాలి. బలం లేని చిమ్నీ దానికి సులువైన దారి. చూరు దగ్గర ఆగిన గొట్టం చాలదు. కప్పును దాటేచోట కనీసం మూడడుగులు పైకి ఉండాలి, పది అడుగుల లోపల ఉన్న కప్పు భాగం కంటే, మరే కట్టడం కంటే రెండడుగులు ఎత్తు ఉండాలి.

నాన్నగారి తలనొప్పి గురించి నేను ఊహించి చెప్పకూడదు. డాక్టరు చూడాలి. కానీ డాక్టరుతో "ఇంట్లో కట్టెల స్టవ్ పెట్టాం, పొగ వెనక్కి వస్తోంది" అని తప్పకుండా చెప్పండి, ఈ మాట మీరు చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. చిమ్నీ సరిగా లాగకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదిలో చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రాత్రి మంట ఆరిపోయే వేళ, బొగ్గులు మిగిలి చిమ్నీ చల్లబడుతున్నప్పుడు ఇది ఎక్కువ. పొద్దున తలనొప్పి, బయటికి వెళ్తే తగ్గడం దీని లక్షణాల్లో ఒకటి. ఆయన పడుకునే గది దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టండి. స్టవ్ ఉంచినా, తీసేసినా అది పనికొచ్చేదే.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఒకటి, అదే గోడలోంచి సరైన పద్ధతిలో పంపడం. ఇప్పుడున్న గొట్టం తీసేసి, పాడైన చెక్క మార్చి, రంధ్రం పెద్దది చేసి, థింబుల్ పెట్టి, ఇన్సులేటెడ్ పైపు వేయాలి. బయట ఎల్బో బదులు ఇంగ్లిష్ T ఆకారంలో ఉండే టీ ముక్క వస్తుంది. దాని అడుగు మూత తీసి మసి దులపొచ్చు. టీ కింద బరువు మోసే బ్రాకెట్, పైకి వెళ్లేకొద్దీ తయారీదారు చెప్పినంత దూరానికో పట్టీ, సాధారణంగా ఎనిమిదడుగులకు ఒకటి. అడ్డంగా ఉన్న భాగం స్టవ్ నుంచి బయటికి కొంచెం ఎక్కుతూ ఉండాలి, అడుగుకు పావు అంగుళమైనా. స్టవ్ ఇప్పుడున్న చోటే ఉంటుంది, పై అంతస్తు జోలికి పోనక్కర్లేదు. ఈ దారిలో ఉన్న సుఖం అదే. కష్టం ఏమిటంటే, చిమ్నీ బయట చలిలోనే ఉంటుంది కాబట్టి ఎంత మంచి పైపైనా వెలిగించేటప్పుడు మొండికేస్తుంది, మడ్డి ఇంటి లోపలి చిమ్నీ కంటే ఎక్కువ పడుతుంది. బయట దాని చుట్టూ, చెప్పినంత ఖాళీ ఉంచి, పెట్టెలా కట్టిస్తే కొంత మేలు. ఏడాదికోసారైనా లోపల చూసి శుభ్రం చేయాల్సిందే.

రెండు, స్టవ్ మీదనుంచి నిటారుగా పైకి, పై అంతస్తులోంచి, కప్పులోంచి పంపడం. చిమ్నీ పనితీరు ఒక్కటే చూస్తే ఇదే మెరుగని నా అభిప్రాయం. గొట్టం ఎక్కువ భాగం ఇంటి వెచ్చదనంలోనే ఉంటుంది, మలుపులు ఉండవు, పొగ బాగా లాగుతుంది. బదులుగా పైగదిలో ఒక మూల పోతుంది. అక్కడ గొట్టం చుట్టూ ఖాళీ వదిలి డబ్బాలా మూయాలి, ప్రతి అంతస్తు దాటేచోట మంట పాకకుండా అడ్డు పెట్టాలి. కప్పు కోసినచోట ఫ్లాషింగ్ (వాన దిగకుండా వేసే రేకు) సరిగా కూర్చోకపోతే వాన కారుతుంది. పైగది ఎవరిదో, ఆ మూల వాళ్లకెంత అవసరమో మీకే తెలియాలి.

మూడోది, ఈ చలికాలానికి స్టవ్ మాట మరచిపోవడం. ఉత్తరంలో మీరు దీన్ని ఓడిపోవడంలా రాశారు. నాకు అలా అనిపించడం లేదు. ఆయాసం ఉన్న మనిషికి కట్టెల స్టవ్ ఎంత చక్కగా బిగించినా పూర్తిగా నిరపాయం కాదు. కట్టె వేయడానికి తలుపు తెరిచిన ప్రతిసారీ సన్నటి పొగ కొంత గదిలోకి వస్తుంది. కాబట్టి చిమ్నీ గురించి తేల్చుకునేముందు ఆయన డాక్టరును అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈయన ఉండే గదిలో కట్టెల మంట ఉండొచ్చా? వద్దంటే ఈ తగువంతా అక్కడితో సమసిపోతుంది, మీ మరిది పని బాగుందా లేదా అన్న చర్చే అక్కర్లేదు. అప్పుడు ఆయన గది కిటికీల, తలుపుల సందులు మూసి, నూనె నింపిన ఎలక్ట్రిక్ రేడియేటర్ పెడితే ఆ ఒక్క గదీ వెచ్చగా ఉంటుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది. కరెంటు పోతే ఇబ్బంది. కొన్న స్టవ్ ఊరికే పడి ఉంటుంది. ఇవి భరించగలిగిన నష్టాలేనా అన్నది మీరూ మీవారూ కూర్చుని చూసుకోవాలి.

ఉన్నదానికే ఇంకో రేకు అడ్డం పెట్టడం, పళ్లెం పెద్దది వేయడం లాంటివి దారులుగా లెక్కపెట్టడం లేదు. మరకను కప్పుతాయి, అంతే.

ఇంట్లో వాళ్లకు ఎలా చెప్పాలన్నది మీకు చిమ్నీ కంటే బరువుగా ఉన్నట్టుంది. మీరు మళ్లీ వాదించవద్దు. గోడనే చూపించండి. స్టవ్ ఒక రోజంతా చల్లారాక మీ మరిదినే లోపలి పళ్లెం స్క్రూలు తీయమనండి. చేతులకు గ్లోవ్స్, ముక్కుకు మాస్క్ పెట్టుకుని ఆ గ్లాస్ వూల్ బయటికి లాగి, టార్చి వేసి కోసిన అంచు చూడమనండి. ఆయన కోసిన రోజు ఆ అంచు లేత పసుపు రంగులో ఉండి ఉంటుంది, అది ఆయనకే బాగా గుర్తుంటుంది. ఇప్పుడు గోధుమరంగులో ఉందా, ముదురు రంగులో ఉందా, గోరు పెడితే నల్లగా పొడి రాలుతోందా? పైభాగం చూడటం ముఖ్యం, వేడి ఎక్కువ తగిలేది అక్కడే. నల్లబడి ఉంటే అది లోపల ఎంతవరకు పాకిందో తెలిసినవాళ్లు చూడాలి. పనితనం ఉన్న మనిషికి చెక్క రంగు చూస్తే ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మీ నోటితో చెబితే "వదిన నమ్మలేదు" అవుతుంది, తన కళ్లతో చూస్తే "ఇది మార్చాలి" అవుతుంది.

ఈ మాట ఎత్తాల్సింది మీవారు. తమ్ముడితో అన్నయ్య విడిగా, అమ్మగారు పక్కన లేనప్పుడు మాట్లాడితే ఎవరి మాటా కింద పడదు. స్టవ్‌తో వచ్చిన పుస్తకంలో ఏ వైపు ఎంత ఖాళీ, ఏ గొట్టం, ఎంత ఎత్తు అన్నీ బొమ్మలతో ఉంటాయి. ఇద్దరూ అది ముందు పెట్టుకుంటే తీర్పు చెప్పేది పుస్తకమే అవుతుంది. మళ్లీ చేసే పనిలో మీ మరిదిని పక్కన పెట్టకండి. చెక్క ఫ్రేము, బయటి పెట్టె, బ్రాకెట్లు బిగించడం ఆయన చేయగల పనులే. కొలతలు నిర్ణయించడం, పూర్తయ్యాక సరిచూడటం మాత్రం చిమ్నీ పని నేర్చి అర్హత ఉన్న మనిషి చేయాలి. చాలాచోట్ల దీనికి ముందుగా అనుమతి, తర్వాత తనిఖీ కావాలి. అవి లేకుండా పెట్టిన స్టవ్ వల్ల నష్టం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చెల్లించడానికి నిరాకరించే అవకాశం ఉంది. మీవారికి ఈ ఒక్క సంగతీ చెప్పి చూడండి, ఇంటి కాగితాలు ఆయన పేరు మీద ఉంటే త్వరగా తలకెక్కుతుంది.

అత్తగారి మాట మీ మనసులో ముల్లులా ఉండిపోయింది. నాన్నకోసం చేసిన పని కాబట్టి మీకు నోరు లేదన్నట్టు మీరే అనుకుంటున్నారు, ఉత్తరం నిండా అదే కనపడింది. ఆ గోడ వెనక పడుకునేది మీ నాన్న ఒక్కరే కాదు. ఆవిడ కొడుకులు, మనవలు కూడా ఆ కప్పు కిందే నిద్రపోతున్నారు. ఆవిడకు జవాబు చెప్పాలనిపిస్తే అదే చెప్పండి, మెల్లగా. మరిదికి కూడా ఒక మాట చెప్పండి: నాన్న చలి చూడలేక సెలవులు మానుకుని చేశావు, అది నేను మరచిపోను అని. అది నిజం కూడా. అది చెప్పాకే పళ్లెం విప్పమని అడగండి.

గొట్టం తీసేశాక ఏ దారి పట్టాలో తేలేదాకా ఆ రంధ్రాన్ని బయటినుంచి వాన, ఎలుకలు రాకుండా మూయండి. లోపలి చెక్క అంచుల్ని మాత్రం కప్పకండి, చూడటానికి వచ్చే మనిషికి అవి కనపడాలి. తీసిన గొట్టం ముక్కలు కూడా పారేయొద్దు. వాటి లోపల ఎంత మందాన మడ్డి పట్టిందో చూస్తే మీ కట్టెలు ఎంత పచ్చివో, మంట ఎలా నడిచిందో ఆయన చెప్పగలరు.